మొండి బాక్టీరియాపై మొక్కల రసాయనాలు: బెర్బెరిన్, దాని తోడు పదార్థాల సాక్ష్యం ఎంతవరకు వచ్చింది?

మన విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, ఫార్మసీ విభాగాల నుంచి వచ్చే పరిశోధన పత్రాలు తిరగేస్తే ఒక రకం ప్రయోగం పదే పదే కనిపిస్తుంది. ఏదో ఒక మందుమొక్క ఆకును నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి సారం తీస్తారు. అగార్ పళ్లెం నిండా బాక్టీరియాను పరిచి, మధ్యలో చిన్న గుంట చేసి అందులో సారం పోస్తారు. మర్నాటికి గుంట చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఏర్పడితే దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. మందులకు లొంగని బాక్టీరియా మీద ఈ మొక్క పనిచేయవచ్చన్న ఆశతో పత్రం ముగుస్తుంది. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయ బృందం 2012 నుంచి 2019 వరకు వచ్చిన ఈ తరహా పత్రాలను జల్లెడ పట్టి, బాక్టీరియాపై ప్రభావం నమోదైన మొక్కల జాతులు 950కి పైగా ఉన్నాయని 2021లో ప్రకటించింది.

ఇన్ని మొక్కలున్నా ఆసుపత్రిలో రోగి ఒంట్లోకి ఎక్కించే యాంటీబయాటిక్స్ దాదాపు అన్నీ వేరే చోటి నుంచి వచ్చినవే. పెనిసిలిన్ బూజు నుంచి, స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని బాక్టీరియా నుంచి, సిప్రోఫ్లాక్సాసిన్ రసాయనశాల నుంచి వచ్చాయి. మొక్కలు బాక్టీరియా దాడిని కోట్ల ఏళ్లుగా తట్టుకుంటూనే ఉన్నాయి. అలాంటప్పుడు వాటి రసాయనాలు మన చేతిలో ఎందుకు ఇంత బలహీనంగా తేలుతున్నాయి? దీనికి దొరికిన జవాబుల్లో బాగా పరీక్షకు నిలిచినది ఒకటుంది. అది బెర్బెరిన్ అనే పసుపు పదార్థం చుట్టూ తిరుగుతుంది. ఆ జవాబు సరైనదైతే, వలయం కొలిచే పద్ధతిలో మనకు పనికొచ్చే పదార్థాలే జారిపోతున్నాయి. ఆ జవాబు ఎంతవరకు నిజమో, ఎక్కడ ఆగిపోతుందో చూడాలి.

ముందు వలయం సంగతి. వలయం పెద్దదైతే మందు బలమైనదని అనుకోవడం సహజం. కానీ వలయం పరిమాణం ఆ పదార్థం అగార్‌లో ఎంత దూరం పాకుతుందన్న దానిమీద కూడా ఆధారపడుతుంది. నీటిలో కరగని పదార్థం ఎంత శక్తిమంతమైనదైనా గుంట అంచు దాటదు. అందుకే వలయాన్ని వదిలి, ద్రవంలో బాక్టీరియా పెరుగుదలను ఆపే అత్యల్ప మోతాదును, అంటే కనిష్ఠ నిరోధక సాంద్రతను కొలవాలి. అది కొలిచిన పత్రాల్లోనూ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, 5 మిల్లీగ్రాములు లాంటి అంకెలు కనిపిస్తాయి. పెద్దవాళ్ల ఒంట్లో నెత్తురు సుమారు 5 లీటర్లు. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చేరాలంటే 5 గ్రాముల సారం పేగు దాటి, కాలేయం విరగ్గొట్టకుండా, ఒకేసారి నెత్తురులో తిరుగుతూ ఉండాలి. అది జరిగే పని కాదు. సారానికి మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము దాటినా, శుద్ధ పదార్థానికి 0.1 మిల్లీగ్రాము దాటినా అలాంటి ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవద్దని స్పెయిన్ పరిశోధకులు రియోస్, రెసియో 2005లోనే రాశారు. అంతకంటే కఠినంగా, సారానికి 100 మైక్రోగ్రాముల గీత గీసినవారూ ఉన్నారు.

ఈ కఠినత్వం వృథా పట్టింపు కాదు. 2019లో ప్రపంచం మొత్తం మీద మందులకు లొంగని బాక్టీరియా నేరుగా 12.7 లక్షల మందిని బలిగొన్నదనీ, 49.5 లక్షల మరణాల్లో దానికి పాత్ర ఉందనీ 2022 నాటి లాన్సెట్ అంచనా. హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో, సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. బాక్టీరియాలో కొన్నింటిని ఆపడానికి చాలిన మోతాదు కంటే అది వెయ్యి రెట్లు ఎక్కువ. అలాంటి నీళ్లలో బతకగలిగినవే మిగులుతాయి. కొత్త మందు కావాలన్న ఆరాటం తెలుగు నేలకు పరాయిది కాదు. ఆ ఆరాటమే సాక్ష్యాన్ని వదులుగా చదివించే ప్రమాదం కూడా ఉంది.

పసుపు పదార్థం, దాన్ని బయటికి నెట్టే పంపు

హిమాలయాల్లో పెరిగే దారుహరిద్ర వేళ్లకూ, పడమటి కనుమల్లో పాకే మానుపసుపు తీగ కాండానికీ పసుపు రంగునిచ్చేది బెర్బెరిన్ అనే ఆల్కలాయిడ్. కళ్ల జబ్బులకు రసాంజనంగా, విరేచనాలకు కషాయంగా ఆయుర్వేదంలో దీనికి పాత వాడుక ఉంది. మన పచారీ మూలికల దుకాణాల్లో మానుపసుపు పేరు మీద ఈ రెండు మొక్కల్లో ఏదైనా దొరకవచ్చు. ప్రయోగశాలలో శుద్ధ బెర్బెరిన్‌ను స్టెఫైలోకోకస్ ఆరియస్ మీద వేస్తే మాత్రం ఫలితం నిరాశగా ఉంటుంది. సెగ్గడ్డల నుంచి ప్రాణాంతకమైన నెత్తురు ఇన్ఫెక్షన్ల దాకా తెచ్చే ఈ బాక్టీరియాను ఆపడానికి మోతాదు చాలా పెంచాల్సి వస్తుంది.

కారణం బాక్టీరియా పొరలో ఉంది. నార్-ఎ అనే ప్రొటీన్ పంపు, పడవలో చేరిన నీళ్లను తోడిపోసినట్టు, లోపలికి వచ్చిన బెర్బెరిన్‌ను ఎప్పటికప్పుడు బయటికి నెట్టేస్తుంది. ఇదే పంపు సిప్రోఫ్లాక్సాసిన్‌నూ నెడుతుంది. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలోని ఫ్రాంక్ స్టెర్మిట్జ్, టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలోని కిమ్ లూయిస్ బృందాలు 2000లో ప్రచురించిన పత్రం ఇక్కడ కీలకం. అమెరికా నైరుతి ప్రాంతాల్లో పెరిగే దారుహరిద్ర బంధువుల్లో, బెర్బెరిన్‌తో పాటు, ఆ పంపును ఆపే మరో పదార్థం ఉందని వాళ్లు చూపారు. దాని పేరు 5-ప్రైమ్-మిథాక్సీహైడ్నోకార్పిన్. విడిగా వేస్తే ఇది బాక్టీరియాను ఏమీ చేయదు. బెర్బెరిన్‌తో కలిపి వేస్తే పంపు నిలిచిపోయింది, బాక్టీరియా కణంలో బెర్బెరిన్ పేరుకుంది, అదివరకు చాలని మోతాదే చాలింది.

ఈ పత్రంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ "ఏమీ చేయదు" అన్న ఫలితం. అగార్ పళ్లెంలో ఈ పదార్థాన్ని ఒంటరిగా వేసి ఉంటే వలయం సున్నా. పరిశోధక విద్యార్థి దాన్ని పక్కన పడేసి మరో సారం అందుకునేవాడు. చంపే గుణం కోసం మాత్రమే వెతికే పరీక్షకు, నిరోధకతను విప్పే పదార్థం కనబడదు.

మరి దాన్ని పట్టుకునే పరీక్ష ఎలా ఉంటుంది? 8 వరుసలు, 12 నిలువులుగా 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం తీసుకుంటారు. ఎడమ నుంచి కుడికి గుంట గుంటకూ యాంటీబయాటిక్ మోతాదును సగానికి తగ్గిస్తూ పోతారు. పై నుంచి కిందికి మొక్క పదార్థాన్ని కూడా అలాగే తగ్గిస్తారు. ప్రతి గుంటలో మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల బాక్టీరియా ఉండేలా ద్రవం కలిపి, 35 డిగ్రీల వెచ్చదనంలో రాత్రంతా ఉంచుతారు. తెల్లవారి రెసాజురిన్ అనే నీలి రంగు వేస్తే, బాక్టీరియా బతికున్న గుంటలు గులాబీ రంగుకు తిరుగుతాయి, మిగతావి నీలంగానే ఉండిపోతాయి. యాంటీబయాటిక్ ఒంటరిగా 8 మైక్రోగ్రాముల దగ్గర, జతలో 2 దగ్గర పనిచేసిందనుకుందాం. మొక్క పదార్థం ఒంటరిగా 128 దగ్గర, జతలో 16 దగ్గర పనిచేసిందనుకుందాం. జతలోని మోతాదును ఒంటరి మోతాదుతో భాగిస్తే మొదటిది 0.25, రెండోది 0.125, మొత్తం 0.375. ఈ మొత్తం 0.5 లేదా అంతకు తక్కువైతే ఒకదానికొకటి బలం ఇచ్చినట్టు లెక్క. 0.5 నుంచి 4 లోపు వస్తే పరస్పర ప్రభావం ఏదీ లేదనే చెప్పాలి.

ఇక్కడ జారిపడే చోట్లు చాలా ఉన్నాయి. మోతాదు ఒక మెట్టు తగ్గడం, అంటే సగం కావడం, ఈ పరీక్షకున్న సహజమైన తేడాలోనే కలిసిపోతుంది. దాన్ని ఫలితంగా రాయకూడదు. తోడు పదార్థానికి సొంతంగా చంపే గుణం లేనప్పుడు పైన చెప్పిన కూడికే కుదరదు. అప్పుడు యాంటీబయాటిక్ మోతాదు కనీసం నాలుగో వంతుకు దిగిందా అని చూడాలి. బెర్బెరిన్‌ది స్వతహాగా పసుపు రంగు, పైగా అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది కూడా. రంగు మార్పునూ మెరుపునూ కొలిచే పరీక్షల్లో అది లెక్కను చెడగొట్టగలదు. ఆ అనుమానం తీరాలంటే గుంటలోని ద్రవాన్ని మళ్లీ అగార్ మీద పరిచి, బతికిన బాక్టీరియాను కాలనీలుగా లెక్కపెట్టాల్సిందే. సారాన్ని కరిగించిన డీఎంఎస్ఓ అనే ద్రావణిని విడిగా వేసి చూసిన గుంటలు లేని పత్రాన్ని నమ్మనక్కర్లేదు.

నీరడి గింజల నూనె: తొందరపడి కలపకూడని రెండు కొసలు

2000లో ఆ పంపు ఆపే పదార్థం దొరికినప్పుడు అది రసాయన శాస్త్రానికి కొత్తది కాదు. పడమటి కనుమల్లో పెరిగే హైడ్నోకార్పస్ చెట్టు గింజల్లో, అంటే మనవాళ్లు నీరడి గింజలనే వాటిలో, స్వల్ప పరిమాణంలో అది ఉందని అంతకుముందే నమోదైంది. ఆ గింజల నూనె కుష్ఠువుకు పాత మందు. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో నిజామాబాద్ ప్రాంతపు డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ స్థాపించిన ఆసుపత్రిలో కుష్ఠు రోగులకు ఈ నూనె సంబంధమైన మందులు ఇచ్చారు. హవాయిలో ఆలిస్ బాల్ 1915-16 ప్రాంతంలో అదే కుటుంబానికి చెందిన చాల్‌మోగ్రా నూనెలోని కొవ్వు ఆమ్లాలను సూదిమందుకు వీలైన రూపంలోకి మార్చింది.

కాబట్టి నూనెలో ఉన్న పంపు నిరోధకమే కుష్ఠువు మీద పనిచేసిందని రాయాలన్న ఉబలాటం కలుగుతుంది. రాయకూడదు. ఆ నూనె విషయంలో ఎప్పుడూ వేలెత్తి చూపింది దానిలోని ప్రత్యేకమైన కొవ్వు ఆమ్లాలను. కుష్ఠు బాక్టీరియా ప్రయోగశాల ఆహారంలో పెరగదు, అందుకే ఆ రోజుల్లో మందును దానిమీద నేరుగా పరీక్షించే వీలే లేకపోయింది. 1940లలో సల్ఫోన్ మందులు రాగానే నూనె తెరమరుగైంది. అది నిజంగా ఎంత పనిచేసిందన్న వివాదం తీరకుండానే ఆగిపోయింది. ఒక పదార్థం సంప్రదాయ మందులో ఉండటం, ఆ మందు ఒక జబ్బుకు వాడుకలో ఉండటం, ఆ పదార్థం ప్రయోగశాలలో వేరే బాక్టీరియాపై పనిచేయడం... ఈ మూడూ నిజమైనా వాటిని కలిపే గీత ప్రయోగంతోనే పడాలి.

కషాయం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. నీటిలో కాచినప్పుడు బెర్బెరిన్ దిగుతుంది. పంపు నిరోధకాలను వేరుచేసింది మాత్రం ఎక్కువగా సేంద్రియ ద్రావణులతో. ఇంట్లో కాచుకున్న కషాయంలోనూ ఆ జత ఉందని, ద్రావణితో తీసిన సారం మీద వచ్చిన ఫలితం రుజువు చేయదు.

మన ఒంట్లోనూ పంపులున్నాయి

సర్పగంధి వేరు నుంచి తీసే రెసర్పిన్ ఒకప్పుడు రక్తపోటు మందు. అది నార్-ఎ పంపును ఆపుతుందని 1990ల తొలినాళ్లకే తెలుసు, నేటికీ ప్రయోగశాలల్లో కొలబద్దగా వాడుతున్నారు. ఆ ప్రయోగాల్లో సాధారణంగా వేసే మోతాదు మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు. 5 లీటర్ల నెత్తురుకు లెక్క కడితే 100 మిల్లీగ్రాములు. రక్తపోటుకు ఇచ్చిన రోజువారీ మోతాదు 0.25 మిల్లీగ్రాముకు అటూఇటూ. అంటే 400 రెట్లు. బాక్టీరియా పంపు ఆగేలోపే రోగి నాడీవ్యవస్థ, గుండె దెబ్బతింటాయి.

మిరియాల్లోని, పిప్పళ్లలోని పైపెరిన్ కథ ఇంకొంచెం ఆశగా ఉంది. అరకు, పాడేరు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకించే మిరియపు తీగ దీనికి మనకు తెలిసిన చిరునామా. పైపెరిన్ తోడైతే స్టెఫైలోకోకస్‌పై సిప్రోఫ్లాక్సాసిన్ తక్కువ మోతాదులోనే పనిచేసిందని జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనశాల శాస్త్రవేత్తలు 2006లో చూపారు. అదే సంస్థ నేపథ్యంతో క్షయకు రిసోరిన్ అనే మందు వచ్చింది, 2009లో దేశంలో అనుమతి పొందింది. అందులో రిఫాంపిసిన్ 200 మిల్లీగ్రాములు, ఐసోనియాజిడ్ 300, పైపెరిన్ 10. మామూలుగా ఇచ్చే రిఫాంపిసిన్ మోతాదు 450 మిల్లీగ్రాములు. ఈ తగ్గింపుకు ఆధారంగా చూపినది, పైపెరిన్ వల్ల రిఫాంపిసిన్ నెత్తురులోకి ఎక్కువగా చేరుతుందన్న సంగతి. బాక్టీరియా పంపును ఆపడమన్నది అక్కడ ప్రధాన వాదన కాదు. రెండు వేర్వేరు పనులను ఒకే మాటలో కలిపేసి "మిరియం నిరోధకతను జయించింది" అనకూడదు.

ఇక్కడే చిక్కు కూడా ఉంది. పేగు గోడలో మనకూ పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఉంది. తిన్న బెర్బెరిన్‌లో ఎక్కువ భాగాన్ని మళ్లీ పేగులోకే నెట్టేసి, నెత్తురులోకి చాలా స్వల్పంగా మాత్రమే వెళ్లనిచ్చేవాటిలో అదొకటి. పైపెరిన్ ఈ పంపునూ, మందులను విరగ్గొట్టే కాలేయ ఎంజైమ్‌నూ రెంటినీ అడ్డుకుంటుంది. తోడు పదార్థానికి ఏ గుణం కోసం ఆశపడుతున్నామో, ఆ గుణమే రోగి వేసుకుంటున్న గుండె మందును, మూర్ఛ మందును నెత్తురులో మోతాదు మించి నిలపగలదు. బాక్టీరియా పంపును ఆపి మన పంపును వదిలేసే అణువు దొరకాలి. పాతికేళ్లుగా నార్-ఎ నిరోధకాల మీద ఇంత పని జరిగినా ఆసుపత్రికి ఒక్కటీ చేరకపోవడానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి.

మరో హద్దు కూడా చెప్పాలి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు గట్టిగా ఎదురు నిలిచే స్టెఫైలోకోకస్‌లో పంపు ఒక్కటే కాదు, ఆ మందు పట్టుకోవాల్సిన ఎంజైమ్‌ల జన్యువుల్లోనే మార్పులుంటాయి. అక్కడ పంపును పూర్తిగా ఆపినా మందు పాత బలానికి తిరిగి రాదు.

ఆసుపత్రులు ఎక్కువగా భయపడేది గ్రామ్ నెగటివ్ బాక్టీరియాకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జాబితాలో కార్బాపెనెమ్‌కు లొంగని ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా కుటుంబం అత్యంత ప్రమాదకర వర్గంలో ఉన్నాయి, మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకోకస్ ఆ తర్వాతి వర్గంలో ఉంది. గ్రామ్ నెగటివ్‌లకు అదనంగా బయటి పొర ఒకటి ఉంటుంది, పంపులు ఆ రెండు పొరలనూ దాటించి మందును బయట పడేస్తాయి. లూయిస్ బృందమే 2002లో ఇంకో ఫలితం చూపింది. ఆ పంపులను కృత్రిమ నిరోధకంతో గానీ జన్యుమార్పుతో గానీ పనిచేయకుండా చేస్తే, రేవల్‌చిన్ని వేరులోని రీన్ అనే పదార్థం బలం బాక్టీరియాను బట్టి 100 నుంచి 2,000 రెట్లు పెరిగింది. మొక్కల రసాయనాలు పుట్టుకతో బలహీనమైనవి కావన్న వాదనకు నేను చూసినంతలో ఇదే గట్టి ఆధారం. అయితే ఇది పంపు తీసేసిన బాక్టీరియా మీద వచ్చిన అంకె. రోగి ఒంట్లోని బాక్టీరియాకు పంపు ఉంటుంది. కొడిశపాల బెరడులోని కొనెస్సిన్ సూడోమొనాస్ అనే గ్రామ్ నెగటివ్ బాక్టీరియా పంపును అడ్డుకుంటుందని థాయ్‌లాండ్ పరిశోధకులు 2017లో చూపారు. జిగట విరేచనాలకు మనవాళ్లు వాడిన బెరడే అది. అమీబా విరేచనాలకు కొనెస్సిన్‌ను మందుగా వాడిన రోజుల్లో నరాల సంబంధమైన దుష్ఫలితాలు కనబడ్డాయన్నది కూడా ఆ పక్కనే రాసుకోవాలి.

మనుషుల్లో చూసినప్పుడు

బెర్బెరిన్‌ను మనుషుల్లో పరీక్షించారు. అది కూడా కలరా ఉన్న నేల మీదే. బంగ్లాదేశ్‌లో 165 మంది పెద్దలపై జరిగిన నియంత్రిత పరీక్ష 1987లో వెలువడింది. ఒక రకం ఈ-కోలై తెచ్చిన విరేచనాల్లో 400 మిల్లీగ్రాముల బెర్బెరిన్ సల్ఫేట్ మల పరిమాణాన్ని బాగా తగ్గించింది. కలరాలో ఫలితం స్వల్పం, టెట్రాసైక్లిన్‌కు జోడిస్తే అదనపు లాభం కనబడలేదు. అంతకు రెండేళ్ల ముందు బర్మాలో 400 మందిపై జరిగిన పరీక్షలోనూ కలరాకు చెప్పుకోదగ్గ మేలు రాలేదు. బెర్బెరిన్ పేగు నుంచి నెత్తురులోకి సరిగా ఎక్కదు కాబట్టి పేగు జబ్బులోనే దానికి అవకాశం ఎక్కువని ఈ పరీక్షలు సూచిస్తాయి. ఈ-కోలైలో వచ్చిన మేలు బాక్టీరియాను చంపడం వల్లనా, పేగు నీరు కార్చడం తగ్గించడం వల్లనా అన్నది వేరే ప్రశ్న. ఊపిరితిత్తులకో నెత్తురుకో పట్టిన ఇన్ఫెక్షన్‌లో మందు స్థానంలో దారుహరిద్ర కషాయం తాగవచ్చని చెప్పడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు. ఇచ్చిన యాంటీబయాటిక్‌ను మధ్యలో మాని మూలికకు మారమనే సలహా ప్రాణాల మీదికి తెస్తుంది.

మొక్కల మందు కాబట్టి హాని ఉండదన్న నమ్మకానికీ ఆధారం లేదు. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు నివేదించారు. వాళ్లు వాడింది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన మరో జాతి కాదా అని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. ఎవరి మాట నెగ్గినా పరిశోధకుడికి ఒక పని పడింది. పరీక్షించిన మొక్క నమూనాను ఎండబెట్టి, అట్టకు కుట్టి, సంఖ్య వేసి హెర్బేరియంలో భద్రపరచాలి. ఆ సంఖ్యను పత్రంలో రాయాలి. దుకాణంలో కొన్న పొడి మీద చేసిన ప్రయోగానికి, అది ఏ మొక్కో తేలనప్పుడు, విలువ కట్టడం కష్టం.

మానుపసుపు తీగను కాండం కోసం నరుకుతారు, సర్పగంధిని వేరుతో సహా పెకిలిస్తారు. రెండూ అడవిలో అరుదైపోయాయి. సర్పగంధి అంతర్జాతీయ వర్తకం మీద 1990 నుంచి నియంత్రణ ఉంది. అమెరికాలో బెర్బెరిన్ కోసమే వేరు తవ్వుకునే గోల్డెన్‌సీల్ అనే మొక్క మీద 2011లో వచ్చిన పని ఈ కోణంలో గమనించదగ్గది. నార్-ఎ పంపును ఆపే ఫ్లేవనాయిడ్లు దాని ఆకుల్లో ఉన్నాయి. సంప్రదాయం, వ్యాపారం విలువ కట్టిన వేరు సారం కంటే ఆకు సారమే బెర్బెరిన్‌కు ఎక్కువ తోడైంది. ఆకు కోస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది. మన మానుపసుపు, తిప్పతీగ, కొడిశపాల ఆకులను ఇదే పద్ధతిలో, సొంతంగా బాక్టీరియాను ఆపలేనంత తక్కువ మోతాదులో, సిప్రోఫ్లాక్సాసిన్ పక్కన పెట్టి చూడటానికి 96 గుంటల పళ్లెం, పంపు ఉన్న స్టెఫైలోకోకస్ ఒకటి, పంపు జన్యువు తీసేసినది ఒకటి చాలు. రెండింటిలోనూ మోతాదు ఒకేలా తగ్గితే ఆ సారం పంపును ఆపలేదు, మరేదో చేస్తోంది. పంపు ఉన్నదానిలో మాత్రమే తగ్గితే ఆ ఆకును భాగాలుగా వేరుచేసి, ప్రతి భాగాన్నీ మనిషి కణాల మీద విషగుణానికీ, పీ-గ్లైకోప్రొటీన్ మీద ప్రభావానికీ పరీక్షించాలి. వలయం రాలేదని ఇప్పటిదాకా పక్కన పెట్టిన సారాలు ఏ విభాగంలోనైనా ఫ్రిజ్‌లో ఉంటే, వాటితోనే మొదలుపెట్టవచ్చు.